ఎడమచేతి కాజాలు

కోట్లు కుట్టే ఆ దుకాణంలో అందరూ ఆమెను కాజాలక్క అనేవారు. గుండీ దూరే చీలిక చుట్టూ పట్టుదారంతో ముడి పక్కన ముడి పేర్చి అంచు కట్టడం ఆమె పని. వీధి చివర మెషిన్ మీద కాజాలు వేసే కొట్టు వచ్చినా, కోటు కాజా చేతితోనే పడాలని దుకాణం నడిపే మాస్టారి పట్టు. మెచ్చుకున్నా తిట్టినట్టే ఉండేది ఆయన మాట. "నువ్వు కాజా వేస్తే దానికి గుండీ పెట్టబుద్ధి కాదు," అనేవాడు. ఆమెకు అది చాలు.

జబ్బు పొద్దుటిపూట మొదలైంది. నిద్ర లేచేసరికి వేళ్లు పుల్లల్లా బిగుసుకుని ఉండేవి. టీ గ్లాసును రెండు అరచేతుల మధ్య ఎంతసేపు పట్టుకున్నా పిడికిలి ముడుచుకునేది కాదు. మధ్యాహ్నానికి అదే సర్దుకునేది. సూది పట్టిన చేతికి నొప్పి రాక ఏమొస్తుంది అనుకుంది. కుడిచేతికి కాస్త విశ్రాంతినిద్దామని, మాస్టారు భోజనానికి వెళ్లినప్పుడు పీలికల మీద ఎడమచేత్తో కాజాలు నేర్చుకుంది. ముళ్లు ఎదురుదిక్కుకు వాలేవి. చెయ్యి తిరిగేలోగా ఎడమచేతి కణుపులు కూడా ఉబ్బాయి. దానికీ పని ఎక్కువైంది కాబోలనుకుంది.

గోడ పట్టుకుంటే తప్ప తల్లి గడప దాటలేకపోవడం కూతురు చూసింది.

"కాళ్లతో కూడా కాజాలు వేస్తున్నావా అమ్మా?"

ఆ వారమే కూతురు ఆసుపత్రికి తీసుకెళ్లింది.

డాక్టరమ్మ రెండు చేతుల్నీ బల్లమీద పక్కపక్కన పెట్టించి, కణుపు కణుపునూ నొక్కి చూసింది. రక్తపరీక్షలు వచ్చాక కీళ్లవాతమని, దాన్ని రుమటాయిడ్ అంటారని చెప్పింది. "ఇది సూది తెచ్చిన నొప్పి కాదమ్మా. రోగాల నుంచి ఒంటిని కాపాడాల్సిన శక్తే మీ కీళ్ల లోపలి పొర మీద పడింది. కంచే చేను మేస్తోంది."

మాత్రలు రెండు రకాలు. తెల్లది వాపును వెంటనే అణచడానికి, రోజూ, కొంతకాలం మాత్రమే. పసుపుది జబ్బును అదుపు చేయడానికి, వారానికి ఒక్కరోజే, పొరపాటున కూడా రోజూ వేసుకోకూడదు. దాని ఇబ్బందులు తగ్గడానికి ఒక విటమిన్ మాత్ర, అప్పుడప్పుడు రక్తపరీక్ష. పసుపుమాత్ర గుణం తెలియడానికి నెలలు పడుతుందని డాక్టరమ్మ ఒకటికి రెండుసార్లు చెప్పింది.

తెల్లమాత్ర వారం తిరక్కుండానే పిడికిలి ముడుచుకునేలా చేసింది. పసుపుమాత్ర వేసుకున్న మర్నాడల్లా కడుపులో తిప్పేది, అన్నం సయించేది కాదు. అంతకుమించి అది చేసిందేమీ ఆమెకు కనిపించలేదు. ఆపేసింది. కూతురు అడిగితే వేసుకుంటున్నానంది, డాక్టరమ్మకూ అదే చెప్పింది. తెల్లమాత్ర తగ్గించగానే వాపు మళ్లీ వచ్చింది. ఈసారి ఎవరికీ చెప్పకుండా మందుల షాపులో తానే ఆ మాత్రలు కొని మింగుతూ వచ్చింది. వాటివల్ల మొహం గుండ్రంగా ఉబ్బింది. మందు బాగా ఒంటబట్టిందని మాస్టారు సంతోషపడ్డాడు.

తర్వాత తీసిన ఎక్స్‌రేలో కుడి బొటనవేలి దగ్గరా చూపుడువేలి దగ్గరా ఎముక అంచులు చెదలు కొట్టినట్టున్నాయి. డాక్టరమ్మ సూటిగా అడిగింది. ఆమె తల దించుకుని ఉన్నది ఉన్నట్టు చెప్పింది. తిట్లు పడలేదు.

"జబ్బు తిన్న ఎముక తిరిగి రాదమ్మా. మిగిలింది కాపాడుకుందాం. తెల్లమాత్ర కూడా ఉన్నపళంగా మానకండి. మెల్లగా నేనే తగ్గిస్తాను."

దుకాణానికి వెళ్లి మాస్టారికి చెప్పింది. పనిచేసేదాన్ని ఉంచుకుని, పనిచేయనిదాన్ని మానేశానని, అందులో తప్పేముందో ఇప్పటికీ తెలియడం లేదని అంది. బొమ్మకు తొడిగిన కోటు ఆయన ముందుంది. చేతులూ కాలరూ తెల్లదారంతో తాత్కాలికంగా వేసిన కచ్చా కుట్టు మీదే నిలబడి ఉన్నాయి.

"కోటు కుదిరిందా?" అన్నాడు.

"కుదిరింది."

"అయితే అసలు కుట్టు వేయకుండా ఇచ్చేద్దాం. దీన్ని వేసుకుని బస్సెక్కమందాం."

ఆమె ఆ తెల్లదారాన్ని వేలితో తడిమి చూసింది.

అప్పటి నుంచి దుకాణం సెలవుకు ముందురోజు సాయంత్రం పసుపుమాత్ర వేసుకునేది. కడుపులో తిప్పడం ఏదో సెలవురోజునే అయిపోయేది. నెలలు గడిచాయి. ఎప్పుడు మొదలైందో గానీ, ఒకరోజు టీ పూర్తయ్యేలోగా పిడికిలి ముడుచుకుందని గుర్తించింది. తెల్లమాత్ర తగ్గుతూ తగ్గుతూ ఆగిపోయింది. వాపు తిరిగి రాలేదు. కుడి బొటనవేలు మాత్రం సూదిని అందుకోవడం మానేసింది.

ఈలోగా మాస్టారు కోట్లను మెషిన్ కొట్టుకు పంపడం మొదలుపెట్టాడు. ఆమెకు చెప్పలేదు. చెప్పాల్సిన అవసరమూ రాలేదు, బల్లమీద కట్టలు ఆమెకు కనిపిస్తూనే ఉన్నాయి.

ఒక మధ్యాహ్నం ఆమె తాను కాజా వేసిన ఒక పీలిక తెచ్చి ఆయన ముందు పెట్టింది. మాస్టారు కళ్లజోడు పెట్టుకుని కాజా అంచు వెంబడి గోరు పోనిచ్చాడు. గోరు ఎక్కడా చిక్కుకోలేదు.

"ముళ్లు ఎదురు వాలుగా ఉన్నాయి."

"ఇకమీదట అలాగే ఉంటాయి మాస్టారూ. రోజుకో కోటు చేయగలను. అంతకంటే చేయలేను."

ఆయన మెషిన్ కొట్టుకు పంపడానికి కట్టిన కట్ట విప్పి, పైనున్న ఒక్క కోటు తీసి ఆమె ముందు పరిచాడు. మిగిలినవాటిని మళ్లీ కట్టేశాడు.

ఆమె కుర్చీ జరుపుకుని, సూదిని ఎడమచేతిలోకి తీసుకుంది.