వీధి వాకిట్లో గళ్ళముగ్గు

ఇంటెడు పని పెట్టుకుని పజిళ్ళు నింపే తీరిక మీకెలా దొరికేదని నన్ను ఇప్పటికీ అడుగుతుంటారు. తీరిక మాకెవరూ ఇవ్వలేదు. పప్పు రుబ్బుతూ, పిల్లకి పాలిస్తూ, చింతపండు పిక్కలు తీస్తూ ఆలోచించేవాళ్ళం. అడ్డం నాలుగుకి జవాబు తట్టాలంటే పీట వేసుకుని కూర్చోవాలా?

సంవత్సరం దగ్గర మావాళ్ళు పొరబడుతుంటారు కనుక అదీ ముందే చెబుతాను. ఇది జరిగింది 1951లో. మా మరిది 1955 అంటాడు. 1955లో మా అమ్మాయి పలక పట్టుకుని బడికి వెళ్ళింది. ఈ గొడవ నాటికి అది నా చంకలో ఉంది. లెక్క అక్కడే తేలిపోతోంది.

మా అత్తవారిది కొత్తపేట. మామగారికి కొబ్బరితోటలూ వరిచేలూ ఉండేవి. ఆయనకి బస్సులో ఒక వారపత్రిక వచ్చేది. దాని చివరి పేజీలో పజిలు. నల్లగళ్ళూ తెల్లగళ్ళూ కలిపి ఒక చదరం, కింద ఆధారాలు. ఆధారం చదివి, మాట కనిపెట్టి, గడికి ఒక అక్షరం చొప్పున నింపాలి. ఆధారం ఎప్పుడూ సూటిగా ఉండదు. ‘గోదావరి చివర పండేది’ అని ఇస్తాడు. జవాబు వరి. నది చివర మా సీమలో పండేదీ అదే, ఆ మాట చివరి రెండక్షరాలూ అవే. అన్నీ సరిగ్గా నింపినవాళ్ళ పేర్లు తరవాత అచ్చు వేసేవారు. పేజీలోంచి కత్తిరించి పంపేందుకు పత్రికకి ఒకటే కూపను, కూపనుకి ఒకటే పేరు. మా ఇంట్లో ఆ పేరు మామగారిది.

పత్రిక వీధరుగు దాటి లోపలికి వచ్చేది కాదు. మామగారూ, ఆయన స్నేహితుడైన పోస్టుమాస్టరుగారూ, మా ఆయనా అరుగు మీద కూర్చుని ఆధారాలు పైకి చదువుకునేవారు. గోడకి ఇవతల ముగ్గురం వినేవాళ్ళం. నేనూ, సఖినేటిపల్లి నుంచి వచ్చిన మా తోడికోడలూ, పక్కింటి పిన్నిగారూ. గళ్ళ బొమ్మ మాత్రం మా ఆయన చిన్న కాగితం మీద గీసి తెచ్చి ఇచ్చేవారు. దాన్ని చూసి పెరట్లో పేడతో అలికిన చోట నేను ముగ్గుతో గళ్ళు వేసేదాన్ని. నల్లగళ్ళలో బొగ్గుపొడి నింపేవాళ్ళం. అక్షరాలూ ముగ్గుతోనే. తప్పయితే తడిచేత్తో అలికేసి మళ్ళీ రాసేవాళ్ళం. రాత్రి మిగిలిందేదైనా ఉంటే పొద్దున్న కళ్ళాపితో పోయేది.

“కోతి తిరగబడి కాలు పట్టుకుంది. రెండక్షరాలు,” అంది తోడికోడలు ఒకరోజు.

“మా ఇంట్లో ఉన్నది నాచేత కాళ్ళు పట్టించుకునే రకం,” అన్నారు పిన్నిగారు.

“కపి అనుకోండి పిన్నిగారూ. ఇప్పుడు తిప్పండి,” అన్నాను.

“పి... క. పిక. ఆయ్, కాల్లోదే,” అని ఆవిడే రెండు గళ్ళూ నింపేరు.

మా జవాబులు అరుగు మీదికి వెళ్ళే దారి ఒకటుండేది. మా ఆయన మంచినీళ్ళ కోసమని లోపలికి వచ్చి, పెరట్లోకి తొంగిచూసి, తిరిగి వెళ్ళేవారు. ‘లక్ష్మి వెనుదిరిగితే పిండి ఆడుతుంది’ దగ్గర మగవాళ్ళు చాలాసేపు ఆగిపోయారు. సిరిని తిప్పి చూశారు, కుదరలేదు. రమని తిప్పితే మర అవుతుందని తోడికోడలు రుబ్బురోలు దగ్గర్నుంచి లేవకుండానే చెప్పింది. మా ఆయన నీళ్ళు తాగి వెళ్ళి, “మర అయ్యుంటుందండి నాన్నగారూ,” అన్నారు.

“శభాష్‌రా,” అన్నారు మామగారు.

“మీ ఇంటి మంచినీళ్ళలో ఏదో మహిమ ఉందండి బాబాయిగారూ,” అన్నారు పోస్టుమాస్టరుగారు. “నాకూ ఓ గ్లాసు తెప్పించండి.”

ఆ పజిలుకి మామగారి పేరు పత్రికలో పడింది. వచ్చినవాళ్ళందరికీ చూపించారు. వాళ్ళకి కాఫీలు కలిపి పంపింది మేమే. నా పేరు అప్పటికి ఒక్కసారే అచ్చయింది, పెళ్ళి శుభలేఖలో, ఫలానా వారి కుమార్తెగా. ఇలా ఆలోచించే తల నాదైనప్పుడు పేరు ఇంకొకరిదెందుకు కావాలని నాకు అనిపించింది. అనిపించాక ఊరుకోవడం నాకు చేతకాదు. సాయంత్రం తలుపు వెనక నిలబడి అడిగాను.

“ఈ వారం కూపను మీద నా పేరు రాయండి మావయ్యగారూ.”

“నీ పేరెందుకమ్మా?”

“నింపేది మేం కనకండి.”

“సాయం చేసేరు, కాదన్లేదు. కాయలు దింపినవాడు తోట తనదంటాడా?”

“తోట మీదేనండి. తోట అడగలేదు.”

“కోడలి పేరు పత్రికలో పడితే ఊళ్ళోవాళ్ళు నన్నేమంటారు?”

“కోడలికి చదువొచ్చంటారండి.”

ఆయన చెప్పులు వేసుకుని తోటవైపు వెళ్ళిపోయారు. మా ఆయన నాకు నచ్చజెప్పబోయారు. “ఎవరి పేరైతేనేం, ఇంట్లోకే కదా.”

“అయితే నా పేరే రాయించండి. ఇంట్లోకే కదా,” అన్నాను. ఆయనకి దాహం వేసింది కాబోలు, నూతి దగ్గరికి వెళ్ళారు.

ఆ వారం పజిలు ముగ్గురం కలిసి పెరట్లో పూర్తిచేశాం. చివరి గడి నిండాక నేను చెయ్యబోయేది మిగతా ఇద్దరికీ చెప్పాను.

“నిన్ను పుట్టింటికి పంపేస్తారే,” అంది తోడికోడలు.

“రాజోలు ఎంత దూరం? బస్సెక్కితే చీకటిపడకుండా చేరతాను. అక్కడికీ పత్రిక వస్తుంది.”

పిన్నిగారు లేచి చీర దులుపుకున్నారు. “బొగ్గుపొడి నేను తెస్తాను. మా ఇంట్లో నా ఇష్టానికి వదిలేసింది అదొక్కటే.”

వీధి వాకిట్లో ముగ్గు వెయ్యడం ఆ ఇంట్లో నా వంతు. వీధిలో నిలబడి నేను చెయ్యదగ్గ పని అదొక్కటే, దాన్ని ఎవరూ కాదనలేరు. తెల్లవారాక కళ్ళాపి చల్లి, గుమ్మానికి ఎదురుగా ఆ వారం పజిలు మొత్తం వేశాను. గళ్ళు, అంకెలు, నల్లగళ్ళు, జవాబులు అన్నీ. కూపను ఇంకా పోస్టులో పడలేదు. మామగారు అవే మాటలు రాసి పంపితే, వాకిట్లో కోడలు వేసింది చూసి రాశారని వీధంతా అనుకుంటుంది. వేరే మాటలు రాస్తే తప్పుతాయి.

కొబ్బరికాయల బండివాడు ఆగి చూశాడు. పోస్టుమాస్టరుగారు సైకిలు దిగి, చేతులు వెనక్కి కట్టుకుని, ముగ్గు తొక్కకుండా చుట్టూ తిరిగి చదవడం మొదలుపెట్టారు. మామగారు పళ్ళు తోముకుంటూ బయటికి వచ్చారు.

“ఏవిటమ్మా ఇది?”

“ముగ్గండి.”

“లంక తిరగేస్తే రాసుకోవచ్చు అన్నదానికి కలం అండోయ్ బాబాయిగారూ,” అన్నారు పోస్టుమాస్టరుగారు. “నేను లంక చుట్టూ పడవేసుకుని తిరుగుతున్నాను. నా పత్రిక కూపనూ ఖాళీగానే ఉంది, ఓ కాగితం ముక్క ఇప్పిస్తారా?”

మామగారు ఆయనవైపు చూడలేదు. “దానిమీద నీళ్ళు పొయ్యమ్మా.”

“పొద్దున్నే వేసిన ముగ్గు చెరపకూడదండి. రేపు కళ్ళాపితో పోతుంది. మళ్ళీ వేస్తాను.”

“రోజూ వేస్తావా?”

“వాకిట్లో ముగ్గు రోజూ వేసేదే కదండీ.”

లోపల తలుపు వెనక మా తోడికోడలి గాజులు వినిపిస్తున్నాయి. పిన్నిగారు మాత్రం వాళ్ళ గుమ్మంలోకి వచ్చి బాహాటంగా నిలబడ్డారు. మామగారు ముగ్గు అంచు వెంట నడిచి, మొహం కడుక్కోవడానికి వెళ్ళిపోయారు.

ఆ మధ్యాహ్నం భోజనాలయ్యాక చూస్తే నడవ కిటికీలో కూపనూ ఆయన కలమూ ఉన్నాయి. ఎవరూ ఏమీ చెప్పలేదు. నేను అడగలేదు. గళ్ళు నింపి, కింద నా పేరు ఇంటిపేరుతో సహా రాశాను. ఫలానా వారి కోడలనిగానీ భార్య అనిగానీ రాయలేదు. మా ఆయన పట్టుకెళ్ళి పోస్టు చేశారు.

ఫలితాలు వచ్చిన రోజు మామగారు అరుగు మీద కూర్చుని ఆ పేర్లన్నీ పైకి చదివారు. ఎప్పుడూ అంత నిదానంగా చదవలేదు. చివరిదాకా చదివారు. నా పేరు లేదు. నిలువు ఆరులో నేను పట్టుబట్టి పెట్టిన మాట తప్పు, తోడికోడలు చెప్పిందే ఒప్పు.

“మీ ముగ్గుని నమ్ముకుని నేనూ మునిగేనండి,” అన్నారు పోస్టుమాస్టరుగారు లోపలికి వినబడేలా.

“నమ్ముకోమని మీకెవరు చెప్పేరండి?” అన్నాను. ఆయన నవ్వారు.

మామగారు నవ్వలేదు. “చూసేవామ్మా?” అన్నారు. దాంతో ఆ వ్యవహారం తేలిపోయిందని ఆయన గొంతులో తెలుస్తోంది.

“విన్నానండి. ఈ వారం కూపను మీదా నా పేరే రాస్తాను.”

“తప్పిందిగా?”

“మీకు తప్పిన వారాల్లో కూపను మీద పేరు మార్చలేదు కదండీ మావయ్యగారూ.”

పోస్టుమాస్టరుగారు వీధివైపు తిరిగి కూర్చున్నారు. మా ఆయన మంచినీళ్ళకి లేవబోయి మళ్ళీ కూర్చున్నారు. మామగారు పత్రిక తిరగేసి, చివరి పేజీ మీద చెయ్యి వేసుకుని కాసేపు చూశారు. తరవాత కత్తెర ఎక్కడుందని అడిగారు.

నా దగ్గరే ఉందని చెప్పాను.