మామ్మ కోసం వ్యాన్‌లో వేసిన మంచం

మా చిన్నప్పుడు... ఆదివారం వచ్చిందంటే నాన్నా నేనూ సింగపూర్‌లో మేముండే యూ టీ పేటలో బస్సెక్కి, సముద్రం మీద కాజ్‌వే దాటి మలేషియా వైపు జోహోర్‌లో దిగేవాళ్ళం. అక్కడ నాన్న స్నేహితుడి షెడ్డు వెనక, గడ్డిలో కూరుకుపోయి ఒక పాత క్యాంపర్ వ్యాన్ ఉండేది. ఒకప్పుడు ఎవరో దర్జాగా తిరిగిన బండి... మా చేతికి వచ్చేసరికి కప్పు కారేది, తలుపు తాడుతో కట్టాల్సి వచ్చేది. ఊరికే ఇచ్చినట్టే ఇచ్చారని నాన్న సంబరపడ్డారు.

ఆ బండి మామ్మ కోసం. మామ్మంటే నాన్న వాళ్ళమ్మ. మలేషియాలోనే దూరాన ఉన్న పేరాక్‌లో ఒక కొబ్బరితోటలో పుట్టింది. వాళ్ళమ్మని ఆ తోటలోనే మట్టి చేశారట. పెళ్ళయి సింగపూర్ వచ్చాక మళ్ళీ అటు వెళ్ళలేదు. తుంటి ఎముక విరిగాక కాసేపు కూర్చోవడమే కష్టమైపోయింది... ఇక గంటల తరబడి బస్సులో ఏం వెళ్తుంది? పడుకుని వెళ్ళే బండి ఉంటే తప్ప.

"నాకింకేటీ వద్దురా... మాయమ్మున్న సోటు ఓపాలి సూపించు, సాలు" అనేది.

నాన్న షిప్‌యార్డులో వెల్డర్. చేతిలో పనుంది గానీ డబ్బు లేదు. ఎవరైనా ఇల్లు మారుతూ మా అపార్ట్‌మెంట్ బ్లాక్ కింద వదిలేసిన బీరువా తలుపులన్నీ మా ఇంటికే వచ్చేవి. వీధుల్లో పాత సామాన్లు కొనే కరంగుని వాడిని గుర్తు చేసుకుని, "ఇది కొంపా, కరంగుని కొట్టా?" అని అమ్మ తిట్టేది. తిడుతూనే పాత చీరలు చింపి కిటికీలకు తెరలు కుట్టింది, మెత్తటి బొంత కుట్టింది. గరుకు కాగితంతో చెక్కలు రుద్దే ఉద్యోగం నాది...

నెలలు పట్టింది. మామ్మ నడుము ఆనేలా ఒకవైపు ఎత్తు చేసి, ఆమె తల సరిగ్గా తన సీటు వెనకకి వచ్చేలా, నాన్న మంచాన్ని ఫ్రేముకి వెల్డింగ్ చేసేశారు. దారంతా వాళ్ళమ్మతో కబుర్లాడుకుంటూ వెళ్ళొచ్చని ఆయన ఆశ.

శనివారం తెల్లవారుతూనే ప్రయాణం. శుక్రవారం సాయంత్రం నేను మ్యాపు పరిచాను. అప్పుడే స్కూల్లో దిక్కులు నేర్పారు... తెలివి ఒలకబోయొద్దూ మరి!

"మామ్మా, పేరాక్ మనకి ఉత్తరం. దారంతా నువ్వు ఉత్తరానికి తల పెట్టి పడుకుంటావు!"

మామ్మ వక్క నమలడం ఆపేసింది. ఉత్తరానికి తల పెట్టి పడుకోకూడదని మా ఇంట్లో చాప వేసేటప్పుడు కూడా చూసుకునేవారు.

"ఉత్తరానికి తలెట్టుకుని మాయమ్మ కాడికి ఎల్తానేటి? నానెల్లను."

"రోడ్డు మలుపులు తిరుగుద్ది కదమ్మా..." అని నాన్న బతిమాలారు. ససేమిరా అంది.

తలగడ అటు మారిస్తే పోదా అంటారేమో... ఆ ఎత్తు లేకుండా మామ్మ పడుకోలేదు. వెల్డింగ్ కోసి, మంచం మొత్తం తిప్పి వేయాలి. తోటకి వెళ్ళాల్సిన ఆ శని, ఆదివారాలు మంచం విప్పడానికే సరిపోయాయి. మిగతా పని వచ్చే ఆదివారం అన్నారు నాన్న.

గురువారం మధ్యాహ్నం మామ్మకి ఆయాసం వచ్చింది. ఆసుపత్రిలో చేర్చాం. శనివారం పొద్దున్న పోయింది.

నాన్న మళ్ళీ ఆ షెడ్డు మొహం చూడలేదు. బండి ఏమైందో నాకు తెలియదు. నన్ను మాత్రం ఒక్క మాట అనలేదు... ఒక్కసారి తిట్టేసినా బాగుండేదనిపించేది.

ఇప్పుడు నాన్న సింగపూర్‌లోనే పుంగ్గోల్‌లో నా దగ్గర ఉంటున్నారు. మొన్న టీ తాగుతుంటే ఇక ఉండబట్టలేక అడిగేశాను.

"నాన్నా, నేను ఆ మ్యాపు తీయకపోయుంటే బాగుండేది కదా?"

ఆయన నా తల నిమిరారు. "నీ తప్పేటుందమ్మా? అది ఉత్తరమని నాకు తెల్దేటి? మంచం కొలిసినప్పుడే తెలుసు. సెప్తే అమ్మ బండెక్కదని ఊరుకున్నాను."

నన్ను ఓదార్చడానికే ఆ నిజం చెప్పారు పాపం... ఆయన అన్నాళ్ళూ దాచిందే నేను బయటపెట్టానన్నమాట. నేను బాత్రూంలోకి వెళ్ళి కుళాయి తిప్పుకుని ఏడ్చాను. నేనొక్కదాన్ని నోరు మూసుకుని ఉంటే చాలు... మామ్మ వాళ్ళమ్మ దగ్గరికి వెళ్ళొచ్చేది.

ఈ రోజుల్లో ఎటు వెళ్తున్నామో ఫోనే పైకి చెప్పేస్తోంది... మా నాన్నలా ప్రేమ కొద్దీ ఒక చిన్న సంగతి దాచుకునే వీలు ఏ కొడుక్కీ లేదు. చిన్నప్పుడు తెలివి చూపించబోయి మీలో ఎవరైనా ఇలా నోరు జారారా? ఉంటే కింద రాయండి... నేనొక్కదాన్నే కాదని తెలిస్తే, కాస్త నిద్ర పడుతుంది.