మడత విప్పిన బట్ట

ఆమె అసలు పేరు ఆ వీధిలో ఎవరికీ గుర్తులేదు. కత్తెరమ్మ అంటే చాలు, చిన్నపిల్లలు కూడా మెట్ల కింద ఉన్న ఆ దుకాణం చూపించేవారు. చేతిలో కత్తెర లేనప్పుడు నోట్లో ఉంటుందని గిట్టనివాళ్ళు అనేవారు. గిట్టనివాళ్ళు కూడా జాకెట్లు ఆమె దగ్గరే కుట్టించుకునేవారు, అది వేరే సంగతి.

దుకాణమంటే ఒక కిటికీ, రెండు మిషన్లు, ఒక నిలువుటద్దం, సగం గదిని మింగేసిన కటింగ్ బల్ల. ఆ బల్ల తండ్రిది. ఆయన ఇద్దరు కూతుళ్ళకీ పని నేర్పి, పెద్దదానికి సూది, చిన్నదానికి కత్తెర అప్పజెప్పాడు. పెద్దమ్మాయి అంచు కుడితే పైనుంచి ఎంత వెతికినా కుట్టు కనబడేది కాదు. కానీ ఆమె కాపురానికి వెళ్ళిన ఇంట్లో, కోడలు పరాయివాళ్ళ బట్టలు కుట్టడమంటే నామోషీ. అందుకని అక్క సూది వదిలేసి పెత్తనం చేపట్టింది. చెల్లెలి వంటింట్లో ఏ గిన్నె ఎక్కడుండాలో కూడా ఆవిడే చెప్పేది. చెల్లెలి మొగుడు బస్సు కండక్టరు. ఎక్కేవాళ్ళకీ దిగేవాళ్ళకీ దారిచ్చి దారిచ్చి, ఇంట్లో కూడా ఎవరేమన్నా సరేననడం అలవాటైపోయిన మనిషి.

టైలర్లందరిదీ ఒకటే పద్ధతి. బట్టను నిలువునా మడిచి, సగానికే గీతలు గీసి, రెండు సగాలూ ఒక్క దెబ్బకి కోసేస్తారు. మనిషి ఎడమ పక్క ఎంతో కుడి పక్కా అంతేనని ఆ మడత నమ్మకం. కత్తెరమ్మ కూడా జన్మంతా అలాగే కోసింది.

ఒకరోజు తనకోసం కుట్టుకున్న జాకెట్టు తొడుక్కుని అద్దం ముందు ఎడమ చెయ్యి ఎత్తి చూసుకుంది. చంక పక్కన, రొమ్ము పైభాగంలో, బట్ట లోపలికి గుంజినట్టు చిన్న గుంట పడింది. చంక బిగిసిందనుకుని కుట్టు విప్పి వదులు చేసింది. గుంట అక్కడే ఉంది. రొమ్ము ఒంపు కోసం మడిచి కుట్టే డాట్ విప్పి మళ్ళీ వేసింది. దారం మార్చింది, మిషన్‌ని తిట్టింది, బట్ట అమ్మినవాణ్ణి తిట్టింది. ఆఖరికి జాకెట్టు తీసేసి చెయ్యెత్తి చూస్తే గుంట బట్టలో లేదు, ఒంట్లో ఉంది. వేళ్ళతో తడిమితే గోళీలాంటి గడ్డ గట్టిగా తగిలింది. మర్నాడే ఆసుపత్రికి బయల్దేరింది.

ఆసుపత్రిలో పరీక్షలన్నీ అయ్యాక, గడ్డ మంచిది కాదనీ, రొమ్ము తీసేయాలనీ, చంకలోకి కూడా పాకింది కాబట్టి అక్కడి గ్రంథులు కూడా తీయాలనీ డాక్టరమ్మ చెప్పింది. అక్క ఏడ్చింది. కండక్టరు సరేనన్నాడు. కత్తెరమ్మ మాత్రం ససేమిరా అంది.

"కోసేది నా ఒళ్ళు, డాక్టరమ్మా. ఎక్కడ ఏముందో చెప్పకుండా కత్తెర పెట్టనివ్వను."

బయట రోగులు బారులు తీరి ఉన్నారు. డాక్టరమ్మ తలుపు వైపు ఒకసారి, ఈవిడ మొహం వైపు ఒకసారి చూసి, లాభం లేదనుకుని కుర్చీ దగ్గరికి లాక్కుంది. తెర వేసి, గోడకున్న అద్దం ముందు కూర్చోబెట్టి, పెన్నుతో ఒంటిమీదే గీయడం మొదలుపెట్టింది. పైన రెండో పక్కటెముక నుంచి కింద ఆరో ఎముక దాకా, ఛాతీ మధ్య ఎముక అంచు నుంచి చంక దాకా ఉన్నదంతా రొమ్మే. వెనక ఛాతీ కండరం దానికి పరుపు. పైకి గుండ్రంగా కనిపిస్తుంది గానీ, ఒక కొస తోకలా సాగి చంకలోకి వెళ్తుంది. లోపల పాలు తయారయ్యే గుత్తుల్లాంటి తమ్మెలు, వాటి నుంచి చనుమొన దాకా సన్నటి గొట్టాలు, చుట్టూ కొవ్వు. ఇవన్నీ జారిపోకుండా చర్మం నుంచి కండరం దాకా పీచులాంటి పట్టీలుంటాయి. గడ్డ ఆ పట్టీని పట్టుకుని గుంజడం వల్లే పైన చర్మం గుంట పడిందని చెప్పింది.

లోపలి దారం లాగితే పైబట్ట ముడత పడినట్టన్నమాట అని కత్తెరమ్మ అనుకుంది. అన్నాళ్ళూ పాపం మిషన్‌ని తిట్టినందుకు నవ్వొచ్చింది కూడా.

రక్తం మూడు వైపుల నుంచి వస్తుందట. ఎక్కువ భాగం ఛాతీ మధ్య ఎముక పక్కగా దిగే ధమని నుంచి, ఎముకల సందుల్లోంచి కొమ్మలుగా పైకి వస్తుంది. చంక వైపు నుంచి మరికొంత, పక్కటెముకల మధ్య నాళాల నుంచి ఇంకొంత. ఇంతవరకూ తెలిసినట్టే అనిపించింది. ఆ తర్వాత డాక్టరమ్మ చెప్పిందే ఎప్పుడూ వినని సంగతి. ఒంట్లో రక్తం కాక ఇంకో నీళ్ళ దారి ఉంది. కండలో మిగిలిపోయిన పల్చటి నీటిని తోడుకుపోయే సన్నటి కాలువలవి. ఆ నీటిని లింఫ్ అంటారు. రొమ్ములోని ఆ నీరు నాలుగింట మూడొంతులు చంకకే పోతుంది. అక్కడ చిక్కుడు గింజల్లాంటి గ్రంథులు దాన్ని వడగడతాయి. మిగిలినదాంట్లో చాలావరకు ఛాతీ ఎముక పక్కనున్న గ్రంథులకి, ఏ కొంచెమో అవతలి రొమ్ము వైపుకీ పొట్ట వైపుకీ చేరుతుంది. జబ్బు కూడా ఆ కాలువల వెంబడే బయల్దేరుతుంది కాబట్టి మొదట దిగేది చంకలోనే.

"మీ ఎడమ చేతి నీరు పోయేదీ ఆ చంక దారినే. గ్రంథులు తీసేశాక చెయ్యి వాచే ప్రమాదం జీవితాంతం ఉంటుంది. ఆ చేతికి గట్టిగా ఏదీ కట్టకూడదు. కాలకూడదు, తెగకూడదు, సూది గుచ్చుకోకూడదమ్మా," అని డాక్టరమ్మ చెప్పింది.

సూది గుచ్చుకోకూడదట, అదీ ఒక టైలరుకి. కత్తెరమ్మ అద్దంలో తన ఒంటిమీది గీతలు చాలాసేపు చూసింది. మార్కింగ్ శుభ్రంగా ఉంది. ఇక కోయండి అంది.

ఆపరేషన్ బాగానే జరిగింది, ఆ తర్వాతి మందులు ఆమెను పిండేశాయి. జుట్టు పోయి మళ్ళీ మొలిచింది. ఇంటికొచ్చిన రోజుల్లోనే అక్క ఒక చిన్న దిండు తెచ్చి చేతిలో పెట్టింది. మెత్తటి బట్టలో దూది కూరి, రొమ్ము ఆకారంలో కుట్టింది. జాకెట్టులో పెట్టుకుంటే ఎవరికీ తెలియదని గుసగుసగా చెప్పింది. ఎవరికి తెలియకూడదు, ఎందుకు తెలియకూడదు అని చెల్లెలు అడిగింది. కత్తెరమ్మ దిండు తిరగేసి కుట్టు చూసింది. ఎక్కడా కుట్టు కనబడలేదు. ఆ మాట పైకి అనకుండా దాన్ని దుకాణానికి పట్టుకెళ్ళింది.

పనిలోకి దిగిన మొదటి వారంలోనే పొరపాటు జరిగింది. టైలర్లు గుండుసూదుల కోసం ఎడమ మణికట్టుకి పట్టీతో చిన్న దిండు కట్టుకుంటారు. ఆమె చేతులు ఆలోచించకుండానే ఆ పట్టీని ఎడమ మణికట్టుకి బిగించేశాయి. హుక్కులు కుడుతుంటే ఎడమ బొటనవేలికి సూది దిగింది. ఎప్పుడూ గుచ్చుకునేదే కదా అని లెక్కచెయ్యలేదు, నోట్లో పెట్టుకుని పనిచేసుకుంది. తెల్లారేసరికి మోచేతి దాకా ఎర్రబడి, చెయ్యి మొద్దులా వాచి, ఒళ్ళు పెనంలా కాలిపోయింది. మళ్ళీ ఆసుపత్రి, మళ్ళీ సెలైన్, అదీ కుడిచేతికే.

అప్పుడు అక్క ఒంటికాలి మీద లేచింది. ఇక దుకాణం మాటెత్తితే ఊరుకోనంది. కండక్టరు అలవాటు ప్రకారం సరేనన్నాడు. పక్కవీధి టైలరు మాస్టరుకి బల్ల, మిషన్లు అమ్మేసేలా అక్క మాట్లాడేసింది కూడా.

కత్తెరమ్మ జ్వరం తగ్గగానే ఆసుపత్రిలో వ్యాయామాలు నేర్పే అమ్మాయి దగ్గరికి వెళ్ళి, చేతి నీటిని మళ్ళించడం నేర్చుకుంది. మూసుకుపోయిన చంక వైపు తోసి లాభం లేదు. ముందు మెడ దగ్గర, తర్వాత కుడి చంక దగ్గర మెల్లగా రాసి అక్కడి దారులు తెరవాలి. ఆపైన ఛాతీ మీదుగా ఎడమ నుంచి కుడికి, తడి పట్టుబట్ట ముడత సవరించినంత తేలిగ్గా నీటిని నడిపించాలి. గట్టిగా నొక్కితే ఆ సన్నటి కాలువలు మూసుకుపోతాయి. జన్మలో దేన్నీ మెల్లగా చెయ్యని మనిషికి అదే అన్నిటికంటే కష్టమైంది. అయినా పంతం పట్టి నేర్చుకుంది. పగలు చేతికి, వాపు పెరగకుండా ఆసుపత్రివాళ్ళే కొలిచి ఇచ్చిన బిగుతు తొడుగు వేసుకుని దుకాణంలో కూర్చుంది.

మాస్టరు బల్ల చూడటానికి అక్కతో కలిసి వచ్చేసరికి, బల్ల మీద బట్ట పరిచి ఉంది. మడత లేకుండా, ఒంటిపొరగా. కత్తెరమ్మ తలెత్తకుండా, వెలుతురు అడ్డమొస్తోంది కాస్త జరగమని మాస్టరుకి చెప్పింది. ఆయన వృత్తిలో మనిషి కాబట్టి కళ్ళు ముందు బట్ట మీదికే పోయాయి. మడవలేదేమని అడిగాడు.

"రెండు పక్కలూ ఒకటి కావు మాస్టరుగారూ. కుడి పక్క డాట్ వెయ్యాలి, ఎడమ పక్క అక్కర్లేదు. చంక మాత్రం లోతుగా తియ్యాలి, అక్కడ కుట్టు ఒత్తుకోకూడదు."

మాస్టరు విషయం అర్థమై గోడ వైపు చూడసాగాడు. ఈలోగా అక్క కళ్ళు బల్ల మూలకి వెళ్ళాయి. తను ప్రేమగా కుట్టిచ్చిన దూది దిండు అక్కడుంది, దాని నిండా సూదులు గుచ్చి ఉన్నాయి. ఆవిడ మొహం కందగడ్డయింది. నేనెందుకిచ్చాను, నువ్వు చేసిందేమిటి అని నిలదీసింది. చేతికి దిండు కట్టుకోవద్దన్నారు కాబట్టి బల్ల మీద పెట్టుకున్నాననీ, సూదులు దిగడానికి ఇంతకంటే మెత్తనిది దొరకదనీ కత్తెరమ్మ తాపీగా చెప్పింది.

"నలుగురూ చూస్తే ఏమనుకుంటారే?"

"ఒకటి పోయిందనుకుంటారు. పోయింది కదా."

ఆ తర్వాత అక్క నోట వచ్చిన మాటలు పెత్తనం మాటలు కావు. "నలుగురి సంగతి గంగలో కలవనీ. మళ్ళీ సూది గుచ్చుకుంటే? మళ్ళీ ఆ జ్వరమొస్తే? అమ్మా లేదు, నాన్నా లేడు. నువ్వు కూడా పోతే నేనెవరి మీద అరవాలే?"

అక్కకి భయమని కత్తెరమ్మకి ఇన్నాళ్ళూ తట్టనేలేదు, నోరు పెద్దదనే అనుకుంది. కత్తెర పక్కన పెట్టి మణికట్టుతో కళ్ళు తుడుచుకుంది. అంతమాత్రాన మెత్తబడిందనుకుంటే పొరపాటు.

"బల్ల అమ్మితే నేను బతికుంటాననుకుంటున్నావా? మంచం మీద ఒకావిడ ఉంటుంది. ఆవిడ నేను కాదు. ఒకటి కోయించుకున్నాను, అది జబ్బు కాబట్టి. చేతిలో పని జబ్బు కాదు. దాన్ని కొయ్యనివ్వను."

అని, సూదులున్న దిండు తీసి మాస్టరు ముందు పెట్టింది. కుట్టు ఎక్కడుందో వెతకమంది. ఆయన కళ్ళజోడు సర్దుకుని తిరగేసి మరగేసి చూసి, దొరకలేదన్నాడు. "కుట్టినావిడ మీ పక్కనే ఉంది. ఆవిడ భయం నా చేతిలో సూది గురించి. అయితే ఆ సూదేదో తనే పట్టమనండి," అని మళ్ళీ కత్తెర అందుకుంది.

అక్క విసవిసా వెళ్ళిపోయింది. మాస్టరు టేపు చుట్టి జేబులో వేసుకుని, బల్ల సంగతి ఎత్తకుండానే సెలవు తీసుకున్నాడు.

ఆ జాకెట్టు మిషన్ మీదే పూర్తయింది, హుక్కులకి బదులు ముడి పట్టీలతో. దూదీ గీదీ లేకుండా దాన్ని తొడుక్కుని కత్తెరమ్మ బజారంతా తిరిగొచ్చింది. పళ్ళకొట్టు దగ్గర ఒకావిడ ఛాతీ వైపు అదేపనిగా చూస్తుంటే, కొలతలేమైనా కావాలా అని అడిగింది. ఆ మాట వీధి చివరికి చేరడానికి ఎంతోసేపు పట్టలేదు. వారం తిరక్కుండా ఆసుపత్రి నుంచి ఒక పంతులమ్మ వెతుక్కుంటూ వచ్చింది. ఆవిడకి కుడిపక్క తీసేశారు. ఎక్కడా సరిపడే జాకెట్టు దొరక్క, రెండు నెలలుగా మండుటెండలో కోటు వేసుకుని బడికి వెళ్తోంది. కత్తెరమ్మ దూది కావాలంటే పెడతాను, వద్దంటే మానేస్తాను, ఒళ్ళు నీది అంది. పంతులమ్మ కోటు విప్పి కుర్చీ మీద వేసి, వద్దంది. కానీ ముడి పట్టీలు వద్దు, ముందువైపు హుక్కులే కావాలంది.

హుక్కులే చిక్కు. సూది పట్టకూడదు, పట్టకుండా పని జరగదు. హుక్కుల కోసం ఆగిన జాకెట్లు కుర్చీ మీద గుట్టయ్యాయి. అడిగేవాళ్ళకి రేపు అని చెప్పడం కత్తెరమ్మకి జన్మలో అలవాటు లేదు. మాస్టరుకి కబురు పెడదామా అన్న ఆలోచన ఒకసారి వచ్చింది. వచ్చినందుకు తనమీద తనకే ఒళ్ళు మండింది.

ఒక పొద్దున గుమ్మం దగ్గర చెప్పుల చప్పుడైంది. అక్క లోపలికొచ్చి, పలకరింపూ గిలకరింపూ లేకుండా, చేతి గడియారం విప్పి బల్ల మీద పెట్టి ఎడమ చెయ్యి చాపింది.

"కట్టు."

కత్తెరమ్మ సొరుగులోంచి గుండుసూదుల దిండు తీసి అక్క మణికట్టుకి కట్టింది. పట్టీ మరీ బిగుసుకోకుండా వేలు దూర్చి చూసింది.

"హుక్కు వంకర పోయిందంటే విప్పిస్తాను. అక్కవని చూడను."

"కత్తెర పట్టేదానివి, కుట్టు గురించి నువ్వా నాకు చెప్పేది?" అని అక్క గుట్టలో పైనున్న జాకెట్టు లాక్కుంది. అది పంతులమ్మది. ఎడమ పక్క డాట్, కుడి పక్క బల్లపరుపు. దూది ఎక్కడ పెట్టాలని అడిగింది. ఆవిడ వద్దందని కత్తెరమ్మ చెప్పింది. అక్క ఆ బల్లపరుపు పక్కని అరచేత్తో ఒకసారి నిమిరి, తను కుట్టిన దిండులోంచే ఒక సూది లాగింది.