సొంటికొమ్ము పగ

ఇళ్ళు మారేవాళ్ళ సామాన్లు మోసి, కొత్త ఇంటికి చేర్చడం మా నాన్న పని. ఆయనకు తోడబుట్టినవాళ్ళు లేరు. ఒంటికాయ సొంటికొమ్ము కదా అని, ఆయన పెదనాన్న కొడుకులు నలుగురూ చిన్నప్పటి నుంచి ‘సొంటికొమ్ము’ అనే పిలిచేవారు. మా తాతయ్య పోయిన వారానికే ఆ నలుగురూ కలిసి, ఉమ్మడి ఇంట్లోంచి నాన్న సామాన్లు తెచ్చి వీధిలో పడేశారు. ఇనప పెట్టెను ఆయన ఒక్కడే ఈడ్చుకుంటూ పోతుంటే గుమ్మంలో నిలబడి నవ్వారట. ఆ రోజు పట్టేసిన నడుము ఇప్పటికీ సరిగ్గా వంగదు.

ఆ మంట ఆరకుండానే పెళ్ళి చేసుకున్నాడు. మా అమ్మను మొదటిసారి కలిసినప్పుడు ఆయన అడిగింది ఒక్కటే, పిల్లలు ఎంతమంది కావాలని. ఎంతమందికైనా నాకు ఓపికుంది అందట అమ్మ. ఆమె మేనత్త ఇంట్లో, అందరూ తిన్నాక గిన్నె గోక్కుని తిని పెరిగిన మనిషి. నావాళ్ళంటూ ఇంటినిండా ఉంటే నన్ను ఎవడేమంటాడన్నది ఆమె ధీమా. లోకంలో ప్రేమకొద్దీ కనేవాళ్ళుంటారు, అలవాటుకొద్దీ కనేవాళ్ళుంటారు. మావాళ్ళు కక్షకొద్దీ కన్నారు. మేం ఆరుగురం. నేను నాలుగోదాన్ని.

ముద్దు చేయలేదని అనను. కడుపునిండా పెట్టారు. కానీ భోజనాల దగ్గర నాన్న మా భుజాలు తడిమి చూసేవాడు, సంతలో ఎద్దుల్ని చూసినట్టు. ఒకరి జోలికి ఎవరైనా వస్తే ఆరుగురం కలిసి వెళ్ళాలి. తమ్ముడి రబ్బరు ఎవడో లాక్కున్నాడని అందరం వెళ్ళి నిలబడితే, పంతులమ్మ మమ్మల్ని ఎగాదిగా చూసి దండయాత్రకు వచ్చారా అని అడిగింది. పడుకునే ముందు నాన్న రోజూ ఇనప పెట్టె సంగతి చెప్పేవాడు. మిగతావాళ్ళు మధ్యలోనే నిద్రపోయేవారు. నేను చివరిదాకా వినేదాన్ని.

పోయినేడు ఆ నలుగురిలో పెద్దాయన మా గుమ్మం తొక్కాడు. తమ్ముళ్ళతో చెడింది, పిల్లల్లేరు, ఇల్లు ఖాళీ చేయాలి, సాయం వచ్చే దిక్కు లేదు. నాన్న మర్యాదగా సరేనన్నాడు. ఆయన అటు వెళ్ళగానే అమ్మ, నాన్న మమ్మల్ని కూర్చోబెట్టి చెప్పారు: సామానంతా వీధిలో పడేసి, ఖాళీ లారీతో తిరిగి వచ్చేయాలి. నేను ఎగిరి గంతేశాను.

అమ్మతో సహా అందరం వెళ్ళాం. మంచాలు, కుర్చీలు, గిన్నెలు, ఆఖరికి బీరువా కూడా వీధిలోకి చేర్చాం. నాన్న చేతులు దులుపుకున్నాడు.

“ఇక మీ తిప్పలు మీరు పడండి అన్నయ్యా” అన్నాడు.

ఆయన బతిమాలలేదు. నాన్న మొహంలోకి చూసి, అర్థమైనట్టు తలూపి, బీరువాకు భుజం ఆనించి తోశాడు. అది జానెడు జరిగింది. మళ్ళీ తోస్తే మోకాలు ముడుచుకుపోయి నేలకు తగిలింది. నా కళ్ళు చల్లబడ్డాయి.

అంతలో నాన్న గబగబా వెళ్ళి బీరువా రెండో వైపు పట్టుకున్నాడు.

“కిందనుంచి పట్టుకోండి అన్నయ్యా, నడుం పోతుంది” అన్నాడు.

అది వినగానే మావాళ్ళు ఐదుగురూ పరిగెత్తారు. అమ్మ కాసేపు తటపటాయించి, గిన్నెల మూట ఎత్తి లారీలో పెట్టింది. నాన్న నన్నూ ఒక చెయ్యి వెయ్యమన్నాడు. వెయ్యనన్నాను.

సామాన్లన్నీ లారీ ఎక్కాక అమ్మ వచ్చి నా చెయ్యి పట్టుకుంది. ముసలివాడయ్యాడు, పోనీలే, పడ్డ మీ నాన్నే వదిలేశాడు కదా అని నచ్చజెప్పబోయింది.

“ఇంత తేలిగ్గా వదిలేసే పగ కోసమా అమ్మా, నన్ను కన్నారు?” అన్నాను.

అమ్మ నా చెయ్యి వదిలేసింది. వెళ్ళి లారీ ఎక్కి కూర్చుంది. నేను ఇంటికి నడిచే వెళ్ళాను. పెద్దాయన సంగతి సరే, మా నాన్నను మాత్రం ఇప్పటికీ క్షమించలేదు.