రేపల్లె వీధిలో నేను నరికిన మునగచెట్టు

అది 2023 ఆగస్టు నెల. తెనాలి మార్కెట్‌కి దగ్గర్లో ఒక సందులో నా రిపేరు షాపు. అందులో బల్ల ముందు కూర్చోవడం మొదలుపెట్టి అప్పటికే యాభై ఏళ్లు దాటింది. వాల్వు రేడియోలతో మొదలుపెట్టి, ట్రాన్సిస్టర్లు, టేపురికార్డర్లు, టీవీలు, సెల్‌ఫోన్లు అన్నీ చూశాను. నేను పదో తరగతి తప్పినవాణ్ణి. పాత ఇంగ్లీషు సర్క్యూట్ పుస్తకాలు ఒక పక్క, డిక్షనరీ ఒక పక్క పెట్టుకుని, చేతులు కాల్చుకుంటూ నేర్చుకున్నాను. అందుకే కాబోలు, "బాగుచెయ్యడం కుదరదు, బోర్డు మార్చాలి" అనే మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. అలా మార్చేవాడికి స్క్రూడ్రైవరు తిప్పడం వస్తే చాలు. రిపేరంటే ఎక్కడ చెడిందో కనిపెట్టడం.

ఆ రోజు మంగళవారం. అరవై దాటిన ఒకావిడ బాపట్ల నుంచి రైల్లో వచ్చారు. ఒక చేతిలో గొడుగు, ఇంకో చేతిలో టిఫిన్ డబ్బా. డబ్బా మూత తీస్తే లోపల పాత నూలుగుడ్డలో చుట్టిన వస్తువు ఉంది. రెండు పక్కలా బటన్లు, మధ్యలో తెర.

"ఏంటమ్మా ఇది?"

"ఆటలాడుకునేదండి."

"ఎవరిది, మనవడిదా?"

"కాదండి, నాదే."

నాకు నవ్వొచ్చింది. దాచుకోలేదు కూడా. ఆవిడ ఏమీ నొచ్చుకోలేదు.

"నవ్వండి అన్నయ్య గారూ. ముందు బాగుచేసి, తర్వాత తీరిగ్గా నవ్వండి. ముప్పై ఏళ్లు డ్రాయింగ్ టీచర్ని. నా పిరియడ్‌లో నవ్వని పిల్లలు లేరు."

ఆవిడ పేరు శాంతకుమారి. ఆ ఆటని మేనకోడలు కొనుక్కుని, విసుగొచ్చి, ఈవిడ దగ్గర వదిలేసి వెళ్లిందట. ఆ మిషను పది రోజులుగా చార్జి ఎక్కడం లేదు, వెలగడం లేదు. పెద్ద ఊళ్లో ఒక సర్వీసు సెంటరుకి తీసుకెళితే బోర్డు మార్చాలన్నారు. మారిస్తే లోపలున్నదంతా పోతుందనీ చెప్పారు.

"లోపల ఏముందేంటి అంత?"

"మా వీధి ఉందండి" అన్నారావిడ.

నాకు అర్థం కాలేదు. కుర్చీ వేశాను. ఆవిడ చెప్పుకొచ్చారు.

రేపల్లెలో కాలువ గట్టు వెంట పంతొమ్మిది ఇళ్ల వీధి ఒకటి ఉండేది. ఆవిడ పుట్టిందీ, ఉద్యోగం చేసిందీ అక్కడే. రోడ్డు వెడల్పు చేస్తామని నాలుగేళ్ల కిందట ఆ వీధి మొత్తం తీసేశారు. ముందు గోడల మీద ఎర్రరంగు గీతలు, ఆ తర్వాత ఇళ్లు కూల్చే మిషను. కాగితం మీద గీత గీసేవాడికి ఆ గీత కింద అరుగులుంటాయనీ, పొయ్యిలుంటాయనీ ఎవరు చెప్పాలి? అక్కడివాళ్లు తలోదారి అయ్యారు. కొందరు పొన్నూరు, కొందరు నిజాంపట్నం, కొందరు కారంచేడు పోయారు. ఈవిడ బాపట్లలో చిన్న వాటాలోకి మారారు.

ఆ ఆటలో మనకొక ఖాళీ ఊరిస్తారు. ఇళ్లు కట్టుకోవచ్చు, బాటలు వేసుకోవచ్చు, చెట్లు నాటుకోవచ్చు. గోడకీ నేలకీ కావలసిన బొమ్మని చుక్క చుక్కగా మనమే గీసుకోవచ్చు. దాన్ని కస్టమ్ డిజైన్ అంటారు. చుక్కల ముగ్గు వచ్చినవాళ్లకి అదొక లెక్క కాదు. ఈవిడ రెండేళ్లు కూర్చుని, పోయిన వీధిని అందులో కట్టారు. గుర్తులేనివి ఫోన్లు చేసి కనుక్కున్నారు. "మా అరుగుకి మెట్లు రెండేనమ్మా, మూడు పెట్టావేంటి?" అని వాళ్లూ సరిదిద్దారు. ఆ ఊళ్లో తిరిగేవన్నీ జంతువులట. గడ్డం మేకకి ఎదురింటి లెక్కల మాస్టారి పేరు పెట్టారు.

"ఆయనకి తెలుసా?"

"తెలుసండి. కొమ్ములు కాస్త చిన్నవి చెయ్యమన్నారు."

వచ్చే ఆదివారం ఆ వీధివాళ్లంతా బాపట్లలో కలుస్తున్నారు. వీధి పోయాక మొదటిసారి. టీవీకి తగిలించి అందరికీ చూపిస్తానని ఈవిడ మాటిచ్చారు. ఆ ఊరినంతా వేరేచోట ఇంకో కాపీగా దాచుకునే ఏర్పాటు ఉంది, అయితే ముందే చేసుకోవాలి. ఆ సంగతి ఈవిడకి చెప్పినవాళ్లు లేరు. ఆట కార్డులో ఉన్నా, ఊరు మాత్రం బోర్డు మీదున్న మెమరీ చిప్‌లోనే ఉంటుంది. బోర్డు పోతే ఆ వీధి రెండోసారి పోయినట్టే.

"బోర్డు మార్చను. గురువారం రండి" అన్నాను.

విప్పి చూస్తే తెలిసిపోయింది. బాపట్ల గాలిలో ఉప్పుంటుంది. చార్జింగ్ పోర్టు కాళ్లకి పచ్చగా చిలుము పట్టింది. అక్కణ్ణించి తడి లోపలికి పాకి, కరెంటు దారిలో ఎక్కడో షార్ట్ అయింది. షార్ట్ అంటే కరెంటు తను పోవలసిన దారి వదిలి అడ్డదారిన పోవడం. ఎక్కడో కనిపెట్టడానికి నా పద్ధతి ఒకటుంది. బోర్డు మీద ఇట్టే ఆరిపోయే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ పూసి, ఒక్క వోల్టు మాత్రం ఇస్తాను. షార్టయిన చోటు వేడెక్కుతుంది. తడి ముందుగా ఎక్కడ ఆరితే దొంగ అక్కడున్నట్టు. భూతద్దం కింద చూస్తూ కూర్చుంటే, నువ్వుగింజలో సగం కూడా లేని ఒక కెపాసిటర్ చుట్టూ చుక్కంత మేర తడి ఆరింది. దాన్ని తీసి, పాత బోర్డు మీదనించి అలాంటిదే తెచ్చి వేశాను. పోర్టు మార్చాను. బుధవారం మధ్యాహ్నానికి తెర వెలిగింది.

గర్వంగానే ఉంది, ఎందుకు దాచాలి. పెద్ద ఊరివాళ్లు కాదన్నది తెనాలి సందులో అయింది.

రిపేరయ్యాక లోడ్ టెస్ట్ చెయ్యాలి. అంటే వస్తువుని నిజంగా పనిచేయిస్తూ, వేడెక్కుతోందా, ఆగిపోతోందా అని అరగంట చూడాలి. బటన్లు పరీక్షించే తెర సెట్టింగ్స్‌లో వేరే ఉంది, కానీ దాని మీద నాకు నమ్మకం లేదు. ఆటే పెట్టాను. తెల్లచీర కట్టుకుని, కళ్లజోడు పెట్టుకున్న చిన్న బొమ్మ ఒక వీధి చివర నిలబడింది. నా అలవాటు ప్రకారం ఒక్కో బటన్ ఇరవైసార్లు నొక్కుకుంటూ పోయాను. బొమ్మ పరిగెత్తింది, ఎగిరింది, చేతిలోకి గొడ్డలి వచ్చింది. ఎదురుగా ఒక చెట్టుంది. మూడు దెబ్బలకి పడింది. ఇంకో బటన్‌కి పార వచ్చింది, మొద్దు కూడా లేచిపోయింది. గుంట పూడింది. అన్ని బటన్లూ బాగా పనిచేస్తున్నాయి. చీటీ మీద "ఓకే" అని రాశాను.

గురువారం ఆవిడ వచ్చారు. తెర వెలగగానే కళ్లజోడు సర్దుకున్నారు. తర్వాత నన్ను పక్కకి పిలిచి వీధి చూపించారు. ఇది సున్నం గోడ ఇల్లు, ఇది చేపలమ్మే ఆవిడ ఇల్లు, ఇదిగో మేక మాస్టారు. ఒక్కో వాకిట్లో ఒక్కో ముగ్గు. నవ్వినందుకు నాకప్పుడే సిగ్గేసింది. చివరి ఇంటి దగ్గరికొచ్చి ఆవిడ చెయ్యి ఆగిపోయింది.

"ఇక్కడ మునగచెట్టుండాలండి."

నేను చీటీ మీద రాసిన "ఓకే" వైపు చూశాను.

"సుబ్బులు వాళ్ల మునగచెట్టు. ఈ ఆటలో మునగ దొరకదులెండి, సన్నంగా ఉన్న చెట్టేదో పెట్టి మునగనుకున్నాం. ఎప్పుడూ ఇక్కడే ఉంటుందండి..."

"అది... బోర్డు దెబ్బతిన్నప్పుడు ఒక్కోసారి కొంత డేటా..." అని మొదలుపెట్టాను.

ఆ వాక్యం నాకు కొత్త కాదు. మా వృత్తిలో చేతకానివాళ్లందరూ ఆడే అబద్ధం అది. అలా అన్నందుకు నా దగ్గర పనిచేసిన ఇద్దరిని నిలబెట్టి తిట్టాను. ఆవిడ నమ్మి తలూపుతున్నారు కూడా. "సర్లెండి, మిగతాదంతా దక్కింది, అదే పదివేలు" అనబోతున్నారు.

"కాదమ్మా" అన్నాను. "నేనే నరికాను."

"ఏంటండి?"

"బటన్లు చూద్దామని నొక్కాను. గొడ్డలొచ్చింది. ఆట కదా అనుకున్నాను. మొద్దు కూడా తవ్వేశాను."

ఆవిడ నావైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తే. కోపం కాదు. తప్పుచేసిన పిల్లాణ్ణి తరగతిలో చూసినట్టు చూశారు.

"వెనక్కి తేలేమా?"

"నేను నరికాక ఉన్నదాన్నే ఆట తనంతట తనే దాచేసుకుందమ్మా. నాకు తెలిసిన దారి లేదు."

"ఆ చెట్టు కోసమే సుబ్బులు మిషనుకి అడ్డం నిలబడిందండి. తీసే ముందు కొమ్మలు కొట్టి పంతొమ్మిది ఇళ్లకీ పంచింది, ఎక్కడికి పోతే అక్కడ పాతుకోండని. ఆదివారం తను వచ్చేది ఈ చెట్టు చూడ్డానికే."

ఆవిడ ఏవో బటన్లు నొక్కి, ఆటలోని కొట్లో ఒక మొక్క కొన్నారు. ఆ వస్తువుని నా చేతిలో పెట్టారు.

"మీరే పెట్టండి. ఇక్కడ, గోడకి రెండడుగులు ఎడంగా."

డెబ్బై నాలుగేళ్లొచ్చిన చేతులు. సోల్డరింగ్ ఐరన్‌కి అలవాటు పడ్డవి, ఈ బటన్లకి కాదు. ఒక అడుగు పక్కకి పోయింది. మళ్లీ తవ్వించి పెట్టించారు. చెట్టు ఎన్ని రోజులకి ఎదుగుతుందని అడిగాను. రోజుకి కాస్త కాస్త, మన క్యాలెండరు ప్రకారమేనట. ఆదివారానికి పూర్తిగా ఎదగదు.

మజూరీ తీసుకోనన్నాను. ఆవిడ బలవంతంగా ఇచ్చి, "చార్జి ఎక్కేలా చేశారు కదండి, దానికి" అన్నారు. ఆ మాట తిట్టు కన్నా గట్టిగా తగిలింది.

ఆదివారం షాపు మూసి బాపట్ల రైలెక్కాను. పిలిచారని కాదు, టీవీకి తగిలించే కేబుల్ సరిగ్గా కూర్చుంటుందో లేదోనని చెప్పుకున్నాను. అసలు సంగతి, సుబ్బులు అనే ఆవిడకి నేను చెప్పాలి, టీచరు గారితో చెప్పించకూడదు.

చిన్న హాలు, పాతికమందికి పైగా జనం. చాపల మీద కొందరు, కిటికీ దగ్గర నిలబడి కొందరు. టీవీలో వీధి కనపడగానే గోల మొదలైంది.

"మా ఇంటికి తలుపు నీలం కాదే, ఆకుపచ్చ!"

"నీకు నీలం కంటే ఖరీదైన రంగు వేసే స్తోమత ఎక్కడుందే అప్పుడు?"

"మాస్టారూ, ఆ మేక మీరేనంటగా? అచ్చు మీలాగే నమిలేస్తోంది!"

బొమ్మ నడుస్తూ చివరి ఇంటి దగ్గరికొచ్చింది. మోకాలంత మొక్క. ముందువరసలో కూర్చున్న ఒక పెద్దావిడ ముందుకి వంగింది. నల్లటి మనిషి, ముక్కుకి రెండు వైపులా పుడకలు. ఆవిడే సుబ్బులని ఎవరూ చెప్పక్కర్లేదు.

"ఇదేంటి టీచరమ్మా, నా చెట్టు?"

నేను లేచాను. "నేనమ్మా. రిపేరు చేసినవాణ్ణి. చూసుకోకుండా నేనే కొట్టేశాను. ఆ మొక్క కూడా నేనే పెట్టాను."

సుబ్బులు నన్ను కిందనుంచి పైదాకా చూసింది. తర్వాత తెరకేసి చూసింది. మొక్క కేసి చాలాసేపు చూసింది.

"అయితే ఇది గాలివానొచ్చిన మరుసటేడు అన్నమాట" అంది.

"ఏంటే?" అన్నారెవరో.

"గాలివానకి నా చెట్టు మొదలంటా ఇరిగిపోలా? కొమ్మ పాతితే మరుసటేడికి ఇదిగో, ఇంతే ఉంది. మీ కప్పు రేకులు ఎగిరి మా దొడ్లో పడ్డాయి, గుర్తులేదా?"

"మీ దొడ్లో కాదు, మాస్టారి మంచం మీద పడ్డాయి!"

"ఆ మూడు రోజులు అందరం టీచరమ్మ ఇంట్లోనేగా వండుకున్నాం..."

ఇక ఆగలేదు. తెరలో వీధి అలాగే ఉంది, ఎవరూ దాన్ని చూడ్డంలేదు. ఒకరి మాట మీద ఇంకొకరు పడి ఆ ఏడాదంతా చెప్పుకున్నారు. నేను బయల్దేరుతుంటే సుబ్బులు గుమ్మం దాకా వచ్చింది.

"అన్నయ్యా, కొట్టావు, పెట్టావు. బాగానే ఉంది. కానీ ఇంకోసారి ఎవరి చెట్టైనా అడిగి ముట్టుకో."

నా రిపేరు చీటీలో యాభై ఏళ్లుగా మూడే గళ్లుండేవి. పేరు, వస్తువు, చెడింది ఏమిటి. లోపలున్నదాన్ని నేనెప్పుడూ అడగలేదు, అది నా పని కాదనుకున్నాను. బోర్డు మార్చి చేతులు దులుపుకునేవాళ్లని తిట్టుకుంటూ వచ్చాను. నేనూ బోర్డునే చూశాను. ఆ సోమవారం నాలుగో గడి అచ్చువేయించాను. "లోపల ముట్టుకోకూడనిది."

చాలామంది నవ్వుతారు, ఏమీ లేదంటారు. ఆ మధ్య పొన్నూరు నుంచి ఒకాయన పాత బటన్ ఫోను తెచ్చాడు. ఆ గడి దగ్గర ఆగి, తెల్లవారుజామున నాలుగింటికి మోగే అలారం ఒకటుంది, దాన్ని తియ్యొద్దని రాయమన్నాడు. రాశాను. ఎందుకని అడగలేదు.