అక్షరాల మీద పడుకోబెట్టకూడదని

మొన్న మా హాల్లో పాత ట్యూబులైటు పీకేసి సన్నటి ఎల్‌ఈడీ పట్టీ బిగించడానికి వచ్చిన మనిషి, తీసిన ట్యూబును చెత్తలో వేయబోతుంటే అడ్డంపడి లాక్కున్నాను. కళ్ళజోడు పెట్టుకుని, దాన్ని అటూ ఇటూ తిప్పి, ఒక కొసన ఉన్న ఇంగ్లీషు అక్షరాలను కూడబలుక్కుంటూ పైకే చదివాను. ముసల్దానికి మతి పోయిందనుకున్నాడేమో, నిచ్చెన పక్కనే నిలబడిపోయాడు. ట్యూబు మీద అక్షరాలకు మర్యాద చేయబోయి ఒకప్పుడు నేను దుబాయ్ నుంచి తట్టాబుట్టా సర్దుకోవాల్సినంత పని అయిందని అతనికేం తెలుసు?

రెండువేల నాలుగు ప్రాంతంలో సంగతి. మన కడప వైపు నుంచి గల్ఫుకు పోయిన ఆడవాళ్ళకు నేను చెప్పనక్కర్లేదు, ఇళ్ళలో పని అంటే ఎలా ఉంటుందో. అలా నాలుగేళ్ళు చాకిరీ చేశాక దుబాయ్‌లో ఒక ఆడవాళ్ళ సెలూన్లో ఊడ్చి తుడిచే పని దొరికింది. పక్కనే షార్జాలో, రోలా అనే పేటలో గదికి ఆరుగురం, పొద్దున్నే వ్యాను వచ్చి ఎక్కించుకునేది, శుక్రవారం సెలవు. శుక్రవారం నాడు ఎవరి అనుమతీ అడగకుండా బజారుకు వెళ్ళి టీ తాగడమంటే ఏమిటో, నాలుగేళ్ళు ఇంకొకరి గడప లోపల ఉండి వచ్చినవాళ్ళకే తెలుస్తుంది. ఆ ఉద్యోగాన్ని గుండెకు హత్తుకున్నాను.

ఆ సెలూన్లో ఒక గదిలో పెద్ద మూతపెట్టె ఉండేది. కింద పన్నెండు ట్యూబులు, వాటి మీద గాజులాంటి పలక, పైన మూతలో మరో పన్నెండు. బట్టలు విప్పి పలక మీద పడుకుని మూత వేసుకుంటే నీలం వెలుగులో ఒళ్ళు నల్లబడుతుంది. బయట కాలు పెడితే ఉచితంగా మాడ్చే ఎండ ఉండగా ఇదేం ఖర్మ అని నేను మొదటిరోజే నవ్వాను. తెల్లదొరసానులు కారు ఏసీలోంచి ఆఫీసు ఏసీలోకి దూరి పాలిపోయేవారు, సెలవుకు సొంతూరు వెళితే దుబాయ్‌లో ఉన్నామని నమ్మేవారే ఉండరట. పక్కగదిలో మనవాళ్ళు తెల్లబడటానికి డబ్బు పోసేవారు. రెండు గదులూ తుడిచే నాకు మాత్రం ఏ రంగూ అంటలేదు.

సెలూన్లోకి మగపురుగు రాకూడదు. అందుకని పెట్టెకు ఏమొచ్చినా, మరమ్మతుల నెల్లూరు అన్న వెనక నడవాలో నిలబడి, నాలుగు వేళ్ళంత తెరిచిన తలుపు సందులోంచి చెప్పేవాడు, నేను చేసేదాన్ని. లైట్ల సంగతంతా అతని ముఖం చూడకుండానే నేర్చుకున్నాను. ట్యూబు లోపల పాదరసం ఆవిరి ఉంటుందట, కరెంటు తగలగానే అది కంటికి కనపడని కిరణం కక్కుతుందట, ట్యూబు లోపలి గోడకు పూసిన పొడి దాన్ని ఒంటిని నల్లబరిచే కిరణంగా మారుస్తుందట. ముఖానికి వేరే దీపం, బొటనవేలంత బుడ్డి. దాని వేడి, జోరు చాలా ఎక్కువ. ముందు నీలిగాజు అడ్డం లేకపోతే రంగు కాదు, బొబ్బలే. వెలుగుతున్న ట్యూబులను మార్చమన్నారని నేను పోట్లాడితే, పొడి సత్తువ అయిపోయినా నీలం వెలుగు అలాగే ఉంటుందక్కా, అది చూసి మోసపోవద్దని నవ్వాడు.

ఆరోజు ట్యూబును మెలిపెట్టి దింపడం, ఎక్కించడం చెప్పి, ఇంకెక్కడికో పిలుపొస్తే వెళ్ళిపోయాడు. పాత ట్యూబులు చుట్టూరా వెలుగిచ్చే రకం, ఎటు తిప్పి పెట్టినా ఒకటే. కొత్త అట్టపెట్టెలో వచ్చినవి అవి కావని అతనికీ తెలియదు, నాకూ తెలియదు. నాకు కనిపించింది ఒక్కటే: ప్రతి ట్యూబుకూ ఒక పక్కన బారుగా అక్షరాలు. నేను బడి ముఖం చూడనిదాన్ని. కాగితం కాలికి తగిలితే కళ్ళకద్దుకోమని మా అమ్మ నేర్పింది. అలాంటిది, అక్షరాల మీద ఒంటి మీద నూలుపోగు లేని మనిషిని పడుకోబెడతానా? కింది పన్నెండింటి అక్షరాలనూ పలకకు కనపడకుండా కిందికి తిప్పి బిగించాను. పైమూతలో అక్షరాలు దేవుడి పటంలా మనిషికి పైన ఉంటాయి కాబట్టి వాటిని మనిషి వైపే ఉంచాను.

ఆ వారం ఒక ఇంగ్లీషు దొరసాని రోజు విడిచి రోజు వచ్చింది. చెల్లెలి పెళ్ళికి వీపు లేని గౌను కుట్టించుకుందట. నాలుగోసారి లేచి అద్దంలో వెనక్కి తిరిగి చూసుకుని కెవ్వుమంది. ముందువైపు దోరగా కాలిన రొట్టె, వెనకవైపు పచ్చి పిండి. సెలూన్ నడిపే లెబనాన్ మేడమ్ పరుగున వచ్చింది. ట్యూబులు ఎవరు వేశారంటే నేనే అన్నాను. "ఖలాస్! నీ వీసా క్యాన్సిల్!" అని ఆఫీసు గదిలోకి వెళ్ళి కాగితం రాసి సొరుగులో పెట్టింది. నా శుక్రవారాలన్నీ ఆ సొరుగులోకి వెళ్ళిపోయాయి.

నెల్లూరు అన్నను పిలిపించాం. తలుపు సందులోంచి అడిగాడు.

"అక్షరాలు ఎటుపక్క ఉండాయక్కా?"

"కిందికి తిప్పి పెట్టినా."

"ఎందుకు?"

"వాటి మీద పండుకుంటే పాపం గాదా అబ్బీ?"

తలుపు ఊగింది, దానికి ఆనుకుని నవ్వుతున్నాడు. ఇవి లోపల సగానికి తెల్లపూత ఉన్న రకమట. ఆ పూత వెలుగునంతా ఒకే వైపుకు, అక్షరాలున్న వైపుకు తోస్తుందట. "నేలకు రంగేశావు గదక్కా!" అన్నాడు.

పన్నెండింటినీ ఒక్కొక్కటిగా కళ్ళకద్దుకుని, తప్పు కాయమని తిప్పి బిగించాను. పై ట్యూబులు తీసేసి, దొరసాని వీపును ప్రయాణం రోజు వరకూ కాల్చాం. మేడమ్ కాగితం మాత్రం చించలేదు, దొరసాని తిరిగొచ్చాక చూద్దామంది. ఆ మూడు వారాలు నేను సొరుగును తుడిచినన్నిసార్లు అద్దాలను తుడవలేదు.

దొరసాని పెళ్ళి ఫొటోలతో వచ్చింది. రంగు కలిసింది గానీ, పలకకు ఒత్తుకున్న రెండు భుజపుటెముకల దగ్గర అరచేయంత తెల్లమచ్చలు మిగిలాయి. రెక్కలు ఊడిన చోటులా ఉందని పెళ్ళికొడుకు అన్నాడట, ఆమె విరగబడి నవ్వింది. అప్పుడు మేడమ్ నన్ను పిలిచి అసలెందుకు తిప్పావని అడిగింది. వచ్చీరాని హిందీలో చెప్పాను. ఆమె, మా ఇంట్లోనూ రొట్టెముక్క కింద పడితే ముద్దుపెట్టుకుని నుదుటికి ఆనించుకుంటామని చెప్పి, సొరుగులోంచి కాగితం తీసి చించేసింది. అంత మర్యాద ఉన్నదానివి, వాటిని నేర్చుకోవచ్చు కదా అని కూడా తిట్టింది.

నెల్లూరు అన్న ట్యూబుల అట్టపెట్టెలను ముక్కలు కోసి, ఒక్కో అక్షరం రాసి తలుపు కిందినుంచి తోసేవాడు. నేను దిద్ది తిరిగి తోసేదాన్ని. ముందు ట్యూబు మీద ఇంగ్లీషు, తర్వాత మన అఆలు. నలభై ఏడేళ్ళకు నా పేరు నేను రాసుకున్నాను.

ఇప్పుడు పేపరు మొత్తం చదువుతాను. చదివాక అదే పేపరు పరిచి దాని మీద కూరగాయలు తరుగుతాను, కాలికి తగిలితే పక్కకు నెడతాను. చదవడం రానప్పుడు ఉన్న భయం, ఆ కళ్ళకద్దుకోవడం ఎప్పుడు పోయాయో నాకే తెలియలేదు. మొన్న మాత్రం, అతను మళ్ళీ నిచ్చెనెక్కి పనిలో పడ్డాక, ఆ పాత ట్యూబును చేతిలో పట్టుకుని, ఎవరూ చూడటం లేదు కదా అని నిచ్చెన వైపు తిరిగి చూసుకుని, ఒకసారి కళ్ళకద్దుకున్నాను.