చిటపటల మేస్త్రి ఒప్పుకున్న తప్పు

చిటపటల మేస్త్రికి కోపం ముక్కు మీదే ఉంటుంది. ముప్పై ఏళ్లుగా కార్లకు వైరింగు చేస్తున్నాడు గానీ, ఒక్కనాడైనా "తప్పు నాదే" అన్న పాపాన పోలేదు. ఇదేం పని అని అడిగినవాళ్లలో ఇద్దరికి పళ్లు రాలాయి, ఒకడి చెవి ఇప్పటికీ సరిగ్గా వినపడదు. "బళ్లన్నిటికీ ఫ్యూజులు వేస్తాడు, తన చేతులకి ఒకటి వేసుకోడు" అని భార్య తల కొట్టుకునేది.

ఆ మహానుభావుడే ఒక టాక్సీ డ్రైవరు కారుకి పాత బ్యాటరీ తీసి, కొత్త లిథియం బ్యాటరీ బిగించాడు. వారం తిరక్కుండా ఆ కారు, గేటు తీస్తున్న డ్రైవరు భార్యను గోడకేసి నొక్కేసింది. ఒక కాలు తీసేశారు. "బ్రేకు తొక్కాను, బండి ఆగలేదు" అని డ్రైవరు మొత్తుకున్నాడు. మేస్త్రి బండి మొహమైనా చూడలేదు. "నా పనికి వంక పెడతారా? వాడు తాగి ఎక్సలేటరు తొక్కి ఉంటాడు" అని తేల్చి పారేశాడు.

మూడో రోజు పొద్దున్నే ఆమె అన్నదమ్ములు ముగ్గురూ కారునీ, డ్రైవర్నీ మేస్త్రి షెడ్డుకి ఈడ్చుకొచ్చారు. పెద్దవాడి చేతిలో జాకీ రాడ్డు ఉంది.

"మేస్త్రి ముందే చెప్పు బావా. తాగావా, లేదా?"

రాడ్డు వీపు మీద పడింది. డ్రైవరు నోట్లోంచి నెత్తురు కారింది.

"తాగలేదురా... కాలు ఎక్కడేశానో ఇప్పుడు నాకే తెలీట్లేదు."

తన మాటే నిజమని చూపించడానికి మేస్త్రి బోనెట్ ఎత్తాడు. ఇంజనునీ బాడీనీ కలిపే ఎర్తు పట్టీ అక్కడ లేదు. బ్యాటరీ మార్చేటప్పుడు తనే విప్పాడు, మళ్లీ బిగించలేదు. అది లేకపోయేసరికి, సెల్ఫు కొట్టినప్పుడల్లా కరెంటంతా ఎక్సలేటరు కేబులు గుండా పోయింది. కేబులు కాలి, లోపలి ప్లాస్టిక్కు కరిగి బిగుసుకుపోయింది. ఇక ఎక్సలేటరు మీంచి కాలు తీసినా బండి ముందుకే లాగుతుంది, బ్రేకుకి ఆగదు.

బోనెట్ మూసేస్తే సరిపోయేది. వాళ్లకేం తెలుస్తుంది! వెనక ఇంకో దెబ్బ పడింది, డ్రైవరు పక్కటెముక విరిగిన చప్పుడైంది.

"ఈ పూట వీణ్ణి చంపి గానీ ఇంటికి పోను!" అన్నాడు పెద్దవాడు.

"ఆపండ్రా!" మేస్త్రి చిన్నవాడి చేత సెల్ఫు కొట్టించాడు. పెద్దవాడి చెయ్యి లాగి కేబులు మీద అదిమాడు. తోలు సుర్రుమంది, వాడు కెవ్వుమని రాడ్డు వదిలేశాడు.

"కాలిందా? ఆ పట్టీ మర్చిపోయింది నేను. మీ బావ బ్రేకే తొక్కాడు. తప్పు నాదే."

కింద పడ్డ రాడ్డు ముందుగా అందుకున్నది డ్రైవరే.

"మూడు రోజులయ్యా! నా పెళ్లాం కాలు నేనే తీశానని మూడు రోజులు ఏడ్చాను!"

మొదటి దెబ్బకి మేస్త్రి మోచెయ్యి విరిగింది. రెండో దెబ్బకి కూలబడ్డాడు. బావమరుదులు డ్రైవర్ని వెనక్కి లాగబోయారు.

"వదలండి వాణ్ణి," అన్నాడు మేస్త్రి నేల మీంచే. "కొట్టనివ్వండి."